ఆయుధమా? అభ్యాసమా?



కొంతకాలము క్రిందట మా మేనల్లుని యొద్దనుండి నాకొక జాబు వచ్చెను. అతడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున స్థిరపడి, అక్కడి పౌరసత్వము పొందినవాడు. పెట్రోలు బంకును చేరియున్న ఒక చిల్లర యంగడిలో రాత్రివేళ పని చేయుచున్నాడు. వారి వీథిలోనే మఱియొక యంగడిలో ఒకనాటి రాత్రి ఇద్దఱు దొంగలు పిస్తోళ్లు చూపి సొమ్ము దోచుకొని పోయిరట. నాటినుండి మావానికి కంటిమీద కునుకు లేదు. "మామయ్యా, మీరు ఇరువదియేండ్లు పోలీసులకు తుపాకి నేర్పినారు గదా. నేనొక పిస్తోలు కొనదలచినాను. తొమ్మిది మిల్లీమీటర్లది కొనమందురా, పాయింటు నలుబదియైదుది కొనమందురా? ఇక్కడ ఒక్కొక్క రొక్కొక్కటి చెప్పుచున్నారు. మీరేది చెప్పిన అదే కొందును" అని ఆ జాబులో వ్రాసినాడు.

ఆ ప్రశ్నకు రెండు మాటలలో జవాబు చెప్పవచ్చును. కాని ఆ రెండు మాటలు విని, ఇక భయము లేదని అతడు నిశ్చింతగా నుండినచో, ఆ నిశ్చింతకు నేను పూచీపడినవాడ నగుదును. ఆ రాష్ట్రమున 2021 వ సంవత్సరము సెప్టెంబరు 1 వ తేదీనుండి, ఇరువదియొక్క యేండ్లు నిండి, చట్టము నిషేధింపని యెవ్వరైనను లైసెన్సు లేకయే పిస్తోలు వెంట నుంచుకొని తిరుగవచ్చును. అందుకు ఒక్క దినమైనను శిక్షణ పొంది యుండవలెనను నిబంధన లేదు. ఉదయము అంగడికి పోయినవాడు సాయంకాలమునకు సాయుధుడై యింటికి వచ్చును. సాయుధుడగుటకును, సురక్షితుడగుటకును నడుమ ఎంత దూరమున్నదో వానికి తెలుపవలెనని నాకు తోచినది. ఆ దూరమును గూర్చియే నేడు మీతో ముచ్చటింప నుద్దేశించితిని.

ముందుగా, ఆయుధమే ముఖ్యమనువారి వాదమును విందము. అది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు. దాని వెనుక నూఱేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

1899 వ సంవత్సరమున ఫిలిప్పీను ద్వీపములలో అమెరికా సైన్యమునకును, ఆ ద్వీపవాసులకును యుద్ధము ప్రారంభమయ్యెను. నాటి అమెరికా సైనికుల నడుమున వ్రేలాడునది పాయింటు 38 రివాల్వరు. దక్షిణ ద్వీపములలోని మోరో వీరులు కత్తులు దూసి మీదికి వచ్చునపుడు, ఈ రివాల్వరు గుండ్లు తగిలినను ఆగక వచ్చి నఱకుచున్నారని ఫిర్యాదులు బయలుదేఱినవి. అందుచేత 1904 లో సైన్యమువారు ఇద్దఱధికారులను పరీక్షకై నియమించిరి. ఒకరు ఆయుధశాఖకు చెందిన జాన్ థాంప్సను. రెండవవారు వైద్యశాఖకు చెందిన లూయీ లగార్డు. వారు చికాగో నగరమునందలి పశువధశాలలలో ఎద్దులమీదను, అట్లే మనుష్యుల శవములమీదను వేఱువేఱు గుండ్లను కాల్చి చూచిరి. వినుటకు రోతగా నుండును. కాని నాడు వారికి తోచిన పరీక్ష యది. యుద్ధమునకు తగిన పిస్తోలు గుండు పాయింటు 45 కంటె చిన్నదిగా నుండగూడదని వారు తీర్మానించిరి.

ఆ మఱుసటి యేడు, 1905 అక్టోబరులో, సమారు ద్వీపమున ఒక ఖైదీ తప్పించుకొనబోయెను. మిక్కిలి దగ్గఱనుండి, పెనుగులాటలో, పాయింటు 38 రివాల్వరుతో అతనిని నాలుగు మాఱులు కాల్చిరి. గుండ్లు తగిలినవి, మనిషి పడలేదు. తుదకు తుపాకి మడమతో నుదుట మోది వానిని పడవేసిరి. ఇట్టి సంగతులు విన్నవారు పెద్ద గుండే కావలెననుటలో ఆశ్చర్యమేమున్నది? జాన్ బ్రౌనింగు కల్పించిన పాయింటు 45 పిస్తోలును 1911 మార్చి 29 న ఆ సైన్యము స్వీకరించెను. 1985 లో తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలు వచ్చువఱకు, డెబ్బదినాలుగేండ్లు, అదియే వారి ప్రధానమైన చేతి తుపాకి.

ఆయుధ పక్షమువారు కథను ఇక్కడ ముగింతురు. కాని ఆ ఇద్దఱధికారుల నివేదిక యక్కడ ముగియలేదు. శరీరములోని అనేక భాగములందు ఎంతటి పిస్తోలు గుండు తగిలినను శత్రువు అప్పటికప్పుడు నిలిచిపోవునను ఆశ లేదనియు, కావున పిస్తోలు ధరించు సైనికులకు గుఱి తప్పకుండ కాల్చుటను ఎడతెగక నేర్పవలసినదనియు వారు వ్రాసిరి. వారి మొదటి తీర్మానమును లోకము నేటికిని జ్ఞాపకముంచుకొని యున్నది. రెండవదానిని మఱచినది. కారణము తెలియుట కష్టము కాదు. పెద్ద గుండును అంగడిలో కొనవచ్చును. గుఱిని అంగడిలో అమ్మరు.

ఇక ఆ పెద్ద గుండు సంగతి చూతము. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున షాంఘై నగరమునందలి విదేశీయుల నివాస ప్రాంతమునకు ప్రత్యేకమైన పోలీసు దళముండెడిది. అందు ఆంగ్లేయులతోను, చీనావారితోను పాటు మన పంజాబునుండి పోయిన సిక్కులును పని చేయుచుండిరి. బందిపోట్లకును, మనుష్యులనెత్తుకొనిపోవువారికిని ఆ నగరము నాడు పెట్టినది పేరు. ఆ దళమున తుపాకి నేర్పిన ఫెయిర్‌బెర్ను, అతని సహచరుడు సైక్సు అను నిద్దఱు 1942 లో పిస్తోలు విద్యను గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. పన్నెండున్నర సంవత్సరములలో ఆ పోలీసులకును, సాయుధులైన నేరస్థులకును 666 సంఘర్షణములు జరిగినట్లు వారు లెక్క చూపిరి. ఇంతటి యనుభవము గలవారు మిక్కిలి తక్కువ.

వారు చెప్పిన సంగతులలో నొకటి మనవానిని గూర్చినది. ఒక సిక్కు కానిస్టేబులు సాయుధుడైన దొంగను తఱుముచు, పాయింటు 455 వెబ్లీ రివాల్వరుతో ఆఱు గుండ్లు కాల్చెను. నాటి రివాల్వర్లలో అది మిక్కిలి పెద్ద గుండు. ఆఱింట ఐదు తగిలినవి. దొంగ పఱుగు ఆపలేదు, కానిస్టేబులును ఆపలేదు. తుదకు ఇతడు వానిని కలిసికొని, రివాల్వరు మడమతో తలమీద మోది పడవేసెను. తరువాత చూడగా నాలుగు గుండ్లు శరీరములో దూఱి ఆవలికి పోయినవి. ఒక్కటి మాత్రమే లోపల నిలిచినది.

సమారు ద్వీపమున చిన్న గుండ్లు తగిలి పడనివాడొకడు. షాంఘైలో పెద్ద గుండ్లు తగిలి పడనివాడొకడు. రెండు చోట్లను పని ముగించినది మడమదెబ్బయే. అట్టి సంఘటన లెన్నియో చూచిన ఆ గ్రంథకర్తలు, ఏ గుండు మనిషిని తప్పక నిలుపునో నిశ్చయించి చెప్పజాలమని యొప్పుకొనిరి.

ఇట్లేల జరుగును? చలనచిత్రములలో గుండు తగిలినవాడు గాలిలో ఎగిరి వెనుకకు పడును. ప్రకృతిలో అట్లు జరుగదు. మనిషిని ఎత్తి పడవేయు బలము గుండునకున్నచో, ఆ బలమే కాల్చినవానిని కూడ వెనుకకు పడవేయవలెను. పిస్తోలు గుండు చేయునది యొక సన్నని గాయము మాత్రమే. ఆ గాయము మెదడునకో, వెన్నుపామునకో తగిలిననే మనిషి తత్క్షణమే కూలును. గుండె చిల్లిపడినను, మెదడునందు మిగిలియున్న ప్రాణవాయువుతో పది పదునైదు క్షణములు మనిషి పోరాడగలడని అమెరికా నేరపరిశోధక సంస్థయైన ఎఫ్.బి.ఐ. వారే వ్రాసియున్నారు. కావున గుండు ఎంత పెద్దదనునది రెండవ ప్రశ్న. అది ఎక్కడ తగిలినదనునది మొదటి ప్రశ్న.

ఆ సంస్థవారు ఈ సత్యమును తెలిసికొన్న విధము మఱియొక పెద్ద కథ. 1986 ఏప్రిలు 11 న ఫ్లోరిడా రాష్ట్రమున మయామి వద్ద, బ్యాంకులు దోచిన ఇద్దఱు దుర్మార్గులను ఎనిమిదిమంది అధికారులు అడ్డగించిరి. ఆరంభముననే ఒక అధికారి పిస్తోలునుండి వెడలిన తొమ్మిది మిల్లీమీటర్ల గుండు, ఒక దుండగుని కుడిచేతిలోనుండి దూఱి ఱొమ్ములోనికి పోయినది. అది ప్రాణాంతకమైన గాయమే. కాని ఆ గుండు గుండెకు ఒక అంగుళము దూరమున ఆగిపోయెను. వాడు పడక, తన పొడుగు తుపాకితో పోరాడి, ఆ గుండు కాల్చిన యధికారిని, మఱియొకరిని చంపెను, ఐదుగురు గాయపడిరి. చివరకు మిరేలెస్ అను అధికారి, ఎడమ ముంజేయి గుండు దెబ్బకు చితికిపోయియుండగా, ఒంటిచేతితోనే తుపాకి నడపి, పిమ్మట రివాల్వరు పట్టి ముందుకు నడచి, ఆ పోరాటమును ముగించెను.

ఆ యంగుళమే అందఱి మనస్సులను పట్టుకొన్నది. గుండు బలము చాలలేదని నిశ్చయించి, సంస్థవారు మృదువైన జిలాటిను దిమ్మలలో గుండ్లు కాల్చి, కనీసము పన్నెండంగుళములు చొచ్చుకొని పోవలెనని నియమము పెట్టిరి. బలమైన పది మిల్లీమీటర్ల పిస్తోలును తెచ్చిరి. అది చేతిలో మిక్కిలిగా తన్నుచున్నదని అనేకులు దానితో సరిగా కాల్చలేకపోయిరి. పిమ్మట దానికంటె మెత్తనిదగు పాయింటు 40 వచ్చెను. తుదకు 2014 లో ఆ సంస్థ శిక్షణ విభాగమువారు ఒక పత్రము వ్రాసి, తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలే మేలనిరి. ఈలోపల గుండ్ల తయారీ బాగుపడినదనుట ఒక కారణము. ఆ తేలిక పిస్తోలుతో తమవారిలో అధికసంఖ్యాకులు త్వరగాను, గుఱిగాను కాల్చుచున్నారనుట రెండవ కారణము. ఇరువదియెనిమిదేండ్లు తిరిగి, బయలుదేఱిన చోటికే వచ్చి చేరిరి.

మయామిలోనే మఱి రెండు సంగతులు జరిగినవి. బండ్లు ఢీకొనినప్పుడు ఒక అధికారి ఒడిలోనో, ప్రక్కనో సిద్ధముగా నుంచుకొన్న రివాల్వరు ఎగిరిపోయి, అతడు నిరాయుధుడయ్యెను. మఱియొకని కంటియద్దములు ఊడిపోయినవి. ఈ రెండు లోపములను ఏ వ్యాసము గల గుండును తీర్పజాలదు.

ఇక నా యనుభవము నొకటి చెప్పుదును. మా శిక్షణ మైదానమున గుఱి తప్పిన ప్రతివాడును మొదట నిందించునది ఆయుధమునే. "అయ్యా, ఈ రివాల్వరు ఎడమకు లాగుచున్నది" అనును. నేను మాఱు పలుకక, ఆ రివాల్వరే తీసికొని, దాని చక్రమునందలి ఆఱు గదులలో నాలుగింట మంచి తూటాలను, రెంటిలో కాల్చివేసిన ఖాళీ తూటాలను, వానికి తెలియకుండ అమర్చి యిత్తును. కాల్చుమందును. మంచి తూటాపై మీట నొక్కినపుడు పెద్ద ధ్వనితో రివాల్వరు ఎగురును గనుక ఎవ్వరికిని ఏమియు కనబడదు. ఖాళీ తూటా వచ్చినపుడు ధ్వని లేదు, తన్ను లేదు. ఐనను రివాల్వరు మూతి తటాలున క్రిందికి వంగును! రాబోవు తన్నునకు భయపడి వాని చేయి ముందుగానే త్రోయుచున్నదన్నమాట. చుట్టు నున్నవారు నవ్వుదురు. వాని ముఖము ఎఱ్ఱబడును. ఆనాటినుండి వాడు రివాల్వరును నిందింపడు. ఈ చిన్న పరీక్ష వందల మాటల పెట్టు.

పిస్తోలుతో గుఱి ఎంత సున్నితమైనదో లెక్క వేసి చూడుడు. గొట్టము కొననున్న ముల్లునకును, వెనుకనున్న గాడికిని నడుమ దూరము సుమారు 150 మిల్లీమీటర్లు. కాల్చు క్షణమున ఆ ముల్లు 2 మిల్లీమీటర్లు ప్రక్కకు జరిగినచో, పది మీటర్ల దూరమున గుండు 13 సెంటీమీటర్లు ప్రక్కకు పోవును. మైదానమున, నిదానముగా నిలిచి, కొయ్యపలకను కాల్చునప్పుడే ఇట్లుండగా, గుండె దడదడ కొట్టుకొనుచు, చేతులు వడకుచు, ఎదుటివాడు మనలను కాల్చుచుండగా ఎట్లుండును? 1998 మొదలు 2006 వఱకు న్యూయార్కు నగరపు పోలీసుల కాల్పులను పరిశీలించి 2008 లో ప్రకటించిన నివేదిక ప్రకారము, ఎదుటివాడు కాల్చుచుండినపుడు వారి గుండ్లలో నూటికి 18 మాత్రమే తగిలినవి. ఎదుటివాడు కాల్పనప్పుడు సైతము నూటికి 30 మాత్రమే. వీరందఱు శిక్షణ పొంది, జీతము తీసికొని ఆయుధము ధరించువారు.

తక్కిన గుండ్లు ఎక్కడికి పోవును? ఎక్కడికో యొక్కడికి పోవలెను గదా. 2012 ఆగస్టు 24 న అదే నగరమున, ఎంపైర్ స్టేటు భవనము ముందు, అప్పుడే యొకనిని చంపిన హంతకుడు ఇద్దఱు పోలీసులపై పిస్తోలు గుఱిపెట్టెను. వారు పదునాఱు గుండ్లు కాల్చి వానిని చంపిరి. వీథిలో పోవుచున్న తొమ్మిదిమంది గాయపడిరి. ఆ గాయములన్నియు పోలీసుల గుండ్లవలనను, వాని తునుకలవలనను కలిగినవే. మా మేనల్లుని యంగడిలో రాత్రివేళ పాలు కొనుటకు వచ్చు తల్లియు, బిడ్డయు నుందురు. తగిలిన గుండునకే కాక, తప్పిన ప్రతి గుండునకును కాల్చినవాడే బాధ్యుడు.

ఇంతమాత్రమున ఆయుధమేదైన నొకటే యని నేననను. ఆయుధము తప్పక ప్రేలవలెను. పిలిచినప్పుడు పలుకని పిస్తోలు ఇనుప ముక్కతో సమానము. అది పట్టువాని చేతికి సరిపోవలెను. షాంఘై దళమువారు చేతులు చిన్నవైన చీనా కానిస్టేబుళ్లకు పాయింటు 45 ఈయక, చిన్నదియగు పాయింటు 380 ఇచ్చిరి, అది వివేకము. మీట నొక్కుటకు వలసిన బలము కూడ ముఖ్యమే. అనుకొనకుండ ప్రేలకుండుటకై న్యూయార్కు పోలీసుల పిస్తోళ్లకు పండ్రెండు పౌనుల బరువుగల మీట నుంచిరి. సాధారణముగా నుండు మీటకు అది రెండింతలు. అంత బలముగా లాగునపుడు గుఱి చెదరుట సహజము. కావున నమ్మదగినదియు, చేతికి తగినదియు, తన్ను ఓర్చుకొనదగినదియు నగు ఆయుధమును ఎంచుకొనుట అవసరమే. కాని ఆ హద్దు దాటిన పిదప, ఈ కంపెనీయా ఆ కంపెనీయా, ఈ గుండా ఆ గుండా యను వాదము చాలవఱకు కాలక్షేపము. ఆ కాలమును సాధనలో గడపినవాడు ధన్యుడు.

నైపుణ్యమనగా గుఱి మాత్రమే యని కూడ భావింపగూడదు. 1983 లో సాల్టులేకు నగరపు పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలరు ఒక లెక్క ప్రకటించెను. కత్తి పట్టినవాడు ఇరువదియొక్క అడుగుల దూరమును సుమారు ఒకటిన్నర క్షణములో దాటి వచ్చును. ఒరలోనుండి పిస్తోలు తీసి కాల్చుటకు సాధన గలవానికైనను ఇంచుమించుగా అంత కాలమే పట్టును. అనగా, ఆపద అంత దగ్గఱకు వచ్చువఱకు గమనింపనివానికి ఏ పిస్తోలును అక్కఱకు రాదు. కనుక మొదటి నైపుణ్యము చూపు. తలుపు తెఱచుకొన్నప్పుడు తలయెత్తి చూచుట, వచ్చినవాని చేతులను గమనించుట, తాను నిలిచిన చోటినుండి తప్పించుకొను దారి యెఱిగియుండుట, ఇవి తూటాల ఖర్చు లేని విద్యలు.

రెండవ నైపుణ్యము నిర్ణయము. ఎప్పుడు కాల్చవలెనో, అంతకంటె ముఖ్యముగా ఎప్పుడు కాల్పగూడదో తెలిసియుండుట. పిస్తోలు విద్యలో నంతటి పేరు గాంచిన షాంఘై దళమే, 1925 మే 30 న నాన్‌కింగు వీథిలో గుమిగూడిన ప్రదర్శకులపై కాల్పులు జరిపి పలువురి ప్రాణములు తీసెను. చీనా దేశమంతయు భగ్గుమనెను. చేతిలో విద్య యున్నది. ఆ క్షణమున వివేకము లేకపోయెను. మన దేశమున ఆత్మరక్షణ హక్కు 1860 నాటి శిక్షాస్మృతిలోనే చేరియున్నది. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వఱకుగల సెక్షనులు దానిని గూర్చినవే. ఆ హక్కునకు చట్టము పెట్టిన హద్దు ఒకటి: రక్షణకు వలసినంత హాని చేయవచ్చునే గాని, అంతకు మించి చేయగూడదు. ఆ హద్దును అరక్షణములో గుర్తించుట పిస్తోలు నేర్పు విద్య కాదు.

మూడవ నైపుణ్యము ఆయుధమును కాపాడుట. 2021 వ సంవత్సరమున అమెరికాలో తుపాకులవలన 48,830 మంది మరణించిరి. వారిలో 26,328 మంది ఆత్మహత్య చేసికొన్నవారు. దొంగకొఱకని కొన్న పిస్తోలు, దుఃఖములో నున్న ఇంటిమనిషికి చేరువలో నుండుట యెంతటి యపాయమో ఈ సంఖ్యలే చెప్పుచున్నవి. ఇంట పసివాడున్నచో తాళము వేయని పిస్తోలు దొంగకంటె భయంకరము. తాళపుచెవి యెక్కడ నుండవలెనో ఆలోచింపనివాడు ఆత్మరక్షణను గూర్చి యింకను ఆలోచింపలేదనియే చెప్పవలెను.

మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి లైసెన్సు లేనిదే తుపాకి పొందరాదు. 2016 నాటి నిబంధనలు ఆయుధభద్రతలో శిక్షణను కూడ విధించినవి. సైన్యము వాడు గుండ్లకు చెందిన పిస్తోళ్లు సామాన్యులకు దొరకవు గనుక, ఏది కొనవలెనను చర్చకు ఇక్కడ అంతగా తావు లేదు. 2014 లో కాన్పూరునందలి ప్రభుత్వ కర్మాగారము స్త్రీల రక్షణ నుద్దేశించి, అర కిలో బరువుగల పాయింటు 32 రివాల్వరును లక్ష రూపాయలకు మించిన వెలకు విడుదల చేసెను. తేలిక ఆయుధము మంచిదే. కాని లైసెన్సు పొందినవారికి తూటాల సంఖ్యకు మితి యున్నది. సాధనకు మైదానములు అరుదు. లక్ష పెట్టి కొని, పట్టుబట్టలో చుట్టి బీరువాలో దాచినది నగయగును గాని రక్షణ కాదు.

ఈ సంగతిని మన పెద్దలు ఎఱుగకపోలేదు. భారతమున మౌసల పర్వమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. శ్రీకృష్ణ నిర్యాణానంతరము అర్జునుడు యాదవ స్త్రీలను వెంటబెట్టుకొని పోవుచుండగా, కఱ్ఱలు పట్టిన దొంగలు వచ్చి మీదబడిరి. చేతిలో నున్నది ఆ గాండీవమే. పట్టినవాడు ఆ అర్జునుడే. కాని అల్లెత్రాడు ఎక్కించుటకే మహాకష్టమయ్యెను, దివ్యాస్త్రములు జ్ఞప్తికి రాలేదు, అమ్ములు తఱిగిపోయెను. కురుక్షేత్రమును గెలిచినవాడు తుదకు వింటికొనతో దొంగలను మోదవలసి వచ్చెను. దొంగలు స్త్రీలను ఎత్తుకొని పోవుచుండగా చూచుచుండెను. ఆనాటి ఫలమును కాలము నిర్ణయించినదని వ్యాసుడు చెప్పుగాక. మన బోటివారికి అందులో నొక హెచ్చరిక కలదు. విద్య చేతినుండి జాఱిపోవును. గాండీవము దానిని పట్టి యుంచజాలదు. ఇక ఏకలవ్యుని వింటికి పేరైనను లేదు. గురువు మట్టిబొమ్మ. అతనికున్నది సాధన యొక్కటే. దానికి ద్రోణుడే దిగ్భ్రాంతి చెందెను.

నేను మా మేనల్లునకు వ్రాసిన జవాబు సారాంశ మిది. "నాయనా, ముందు మీ యజమానితో మాటలాడుము. రాత్రివేళ సొమ్ముపెట్టెలో కొద్ది పైకము మాత్రమే యుంచి, తక్కినది తెఱువ వీలులేని యినుపపెట్టెలో పడవేయవలెను. ఆ సంగతి తలుపుమీద పెద్ద యక్షరములతో వ్రాయింపుము. అంగడి ముందు దీపములు ప్రకాశముగా నుండవలెను. కిటికీలకు అంటించిన ప్రకటనలు తీసివేసి, వీథిలోనివారికి లోపల నున్న నీవు కనబడునట్లు చేయుము. దొంగ సొమ్మడిగినచో ఇచ్చివేయుము. అది నీ ప్రాణము వెల కాదు. ఇవన్నియు చేసిన పిదపను పిస్తోలు కావలెననిపించినచో, కొనుటకు ముందు నేర్చుకొనుము. మంచి శిక్షకుని యొద్ద అద్దె పిస్తోలుతో రెండు మూడు మాసములు సాధన చేయుము. అప్పటికి ఏది కొనవలెనో నీ చేయియే చెప్పును. కొన్న పిదప సాధన మానితివా, దానిని అమ్మివేయుము. నీ బిడ్డకు నాలుగేండ్లు నిండలేదను మాట మఱవకుము."

మొన్న వాని ప్రత్యుత్తరము వచ్చినది. అంగడికి దీపములు పెట్టించినాడట. శిక్షణలో కూడ చేరినాడట. మొదటి దినమున ఏబది గుండ్లు కాల్చగా, ఏడు గజముల దూరముననున్న కాగితముమీద పందొమ్మిదియే తగిలినవట. చివరన ఈ మాట వ్రాసినాడు: "మామయ్యా, ఆ అద్దె పిస్తోలు కొంచెము ఎడమకు లాగుచున్నట్లున్నది."

దానిని ఒక్కమాఱు శిక్షకుని చేతికిచ్చి కాల్పించి చూడుమని ఈ యుదయమే జవాబు వ్రాసితిని.